మాంటీగో బే: సముద్రతీరమూ చెరకు తోటా

శీతకాలం సెలవులు దగ్గర పడేసరికి మన కుటుంబాల్లో ప్రయాణాల మాట మొదలవుతుంది. ఇండియా వెళ్ళి రావడానికి సెలవు చాలదు, ఇంట్లో కూర్చుంటే మంచు. అందుచేత నాలుగైదు రోజులు కరీబియన్ దీవులకు పోయి రావడం మనవాళ్ళలో మామూలైంది. అలా వెళ్ళేవారిలో చాలామంది దిగే ఊరు జమైకా దీవి వాయవ్య తీరాన ఉన్న మాంటీగో బే.

మన తరంలో చాలామందికి జమైకా పేరు మొదట చెవిన పడింది క్రికెట్ వల్ల. 1971లో వాడేకర్ జట్టు వెస్టిండీస్ వెళ్ళినప్పుడు, అందులో మన హైదరాబాదు జయసింహ కూడా ఉన్నప్పుడు, మొదటి టెస్టు జరిగింది జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోనే. సర్దేశాయి 212 పరుగులు తీసిన ఆట అది. ఆ రోజుల్లో రేడియో దగ్గర చెవులు అప్పగించి కూర్చున్నవారు ఇప్పుడు అదే దీవిలో కొబ్బరి చెట్ల కింద కుర్చీ వేసుకుని పడుకుంటున్నారు. సంతోషమే. కాని ఆ ఇసుక వెనక ఒక పెద్ద చరిత్ర ఉంది. మనం దిగే హోటలుకూ, అక్కడ చూపించే భవనాలకూ, తినే పండుకూ దానితో సంబంధం ఉంది. అందులో ఒక పాయ మన దేశం నుంచి వచ్చి కలిసింది. అది తెలుసుకుని వెళితే ప్రయాణానికి ఒక అర్థం ఏర్పడుతుందని ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి. కొలంబస్ తన రెండవ యాత్రలో, 1494లో ఈ తీరానికి వచ్చి, దీనికి స్పానిష్ భాషలో 'మంచి వాతావరణపు అఖాతం' అని పేరు పెట్టాడు. ప్రకటనలు వ్రాసేవారికి ఇంతకంటే మంచి పేరు దొరకదు. కాని ఆ పేరు నిలవలేదు. స్పెయినువారు ఇక్కడి నుంచి పంది కొవ్వును ఓడల్లో ఎగుమతి చేసేవారు. కొవ్వుకు స్పానిష్ మాట 'మాంతేకా'. అదే మాంటీగో అయిందని ఎక్కువమంది చెబుతారు. దీవి అసలు వాసులు తైనో జాతివారు. జమైకా అన్న పేరు వారి భాషలోదే. స్పెయినువారు వచ్చిన కొద్ది తరాల్లో, రోగాలకూ వెట్టిచాకిరీకీ ఆ జాతి దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. 1655లో ఇంగ్లీషువారు దీవిని పట్టుకున్నారు. 1670లో స్పెయిను సంధి పత్రం మీద దానిని వదులుకుంది.

ఇంగ్లీషువారి కాలంలో బాగా విస్తరించింది చెరకు. అనకాపల్లి ప్రాంతంలోనో తణుకు ప్రాంతంలోనో పుట్టి పెరిగినవారికి చెరకు సంగతి వేరే చెప్పనక్కర లేదు. నరికిన చెరకు నిలవ ఉండదు. వెంటనే గానుగ ఆడాలి, రసం పులియకముందే పొయ్యి ఎక్కించాలి. పొయ్యి ఆరకూడదు. మన ఊళ్ళో నాలుగెకరాల రైతుకే గానుగ రోజుల్లో నిద్ర ఉండదు. వందల ఎకరాల తోట, ఆ తోటలోనే గానుగ, పాకం ఇల్లు, రమ్ము కాచే బట్టీ, నెలల తరబడి రాత్రింబవళ్ళు పని, ఆ పనంతా కొరడా కింద, కూలి లేకుండా జరగడం ఊహించుకోండి. ఆ పని కోసం ఆఫ్రికా నుంచి మనుషులను ఓడల్లో కుక్కి తెచ్చారు. 1830ల ఆరంభానికి జమైకాలో బానిసలు సుమారు మూడు లక్షల మంది. తెల్లవారు వారిలో పదో వంతు ఉంటే ఎక్కువ. మాంటీగో బే ఆ పంచదారకు రేవు. ఊరిలోని పాత రాతి భవనాలూ, సెయింట్ జేమ్స్ చర్చీ ఆ డబ్బు కాలపువే.

అందరూ తల వంచలేదు. తప్పించుకుని కొండల్లో చేరినవారిని మరూన్లు అంటారు. వారి నాయకుడు కుజో. ఆ కొండ దారుల్లో వారిని గెలవలేక ఇంగ్లీషువారు 1739లో సంధి చేసుకున్నారు. స్వేచ్ఛ, భూమి ఇచ్చారు. బదులుగా, ఇక ముందు పారిపోయి వచ్చే బానిసలను పట్టి అప్పగించాలన్న షరతు పెట్టారు. కొందరి స్వేచ్ఛను మిగిలినవారి సంకెలగా మార్చిన షరతు అది. 1795లో మాంటీగో బే వెనక కొండల్లోని ట్రెలానీ టౌన్ మరూన్లు మళ్ళీ తిరగబడ్డారు. లొంగిపోయిన తరువాత వారిని 1796లో కెనడాలోని నోవా స్కోషియా చలిలోకి పంపేశారు. అక్కడ నుంచి 1800లో ఆఫ్రికాలోని సియెరా లియోన్ చేరారు. వేరే మరూన్ల ఊరు అకాంపాంగ్ ఇప్పటికీ ఉంది. ఏటా జనవరి 6న అక్కడ పెద్ద ఉత్సవం జరుగుతుంది. సెలవులు ఆ తేదీకి కలిసి వస్తే చూడదగినది.

ఇక యాత్రికులకు తప్పకుండా చూపించేది రోజ్ హాల్. ఊరికి తూర్పుగా పది మైళ్ళ దూరంలో, సముద్రం వైపు చూస్తూ గుట్ట మీద ఉన్న రాతి మేడ. 1770లలో పామర్ అనే తోట యజమాని కట్టించాడు. ఇక్కడ చెప్పే కథ ఏమిటంటే, ఆనీ పామర్ అనే యజమానురాలు మంత్రవిద్యలు నేర్చి ముగ్గురు మొగుళ్ళను చంపిందనీ, చివరకు బానిస చేతిలో చచ్చి దయ్యమై తిరుగుతున్నదనీ. రాత్రిపూట దీపాలతో దయ్యం యాత్ర కూడా ఉంది. పిల్లలు కేరింతలు కొడతారు.

ఈ కథకు ఊపు వచ్చింది హెర్బర్ట్ డి లిసర్ అనే జమైకా రచయిత 1929లో వ్రాసిన నవల వల్ల. దస్తావేజులు చూస్తే సంగతి వేరు. ఆనీ 1820లో జాన్ రోజ్ పామర్‌ను పెళ్ళి చేసుకుంది. అతను 1827లో అప్పుల మధ్య చనిపోయాడు. ఆమె ఆ ఇల్లు వదిలిపోయి, 1846లో మామూలు చావే చచ్చింది. ముగ్గురు మొగుళ్ళు లేరు, హత్యలూ లేవు. శిథిలమైన ఆ మేడను 1960లలో జాన్ రాలిన్స్ అనే అమెరికను ధనికుడు కొని బాగుచేయించాడు. ఆ ఎస్టేటు నేల మీద తరువాత హోటళ్ళు, గోల్ఫు మైదానాలు వచ్చాయి.

దయ్యం కథ చెబితే నష్టమేమిటి అనవచ్చు. నష్టం ఉంది. ఒక్క దుష్టురాలి మీద నేరమంతా పెడితే మిగిలిన వ్యవస్థ నిర్దోషిగా నిలబడుతుంది. రోజ్ హాల్‌లో భయపడవలసినది దయ్యానికి కాదు. ఆస్తి జాబితాలో పశువుల పక్కన మనుషుల పేర్లు, ఒక్కొక్కరికీ ఒక ధర వ్రాసుకున్న లెక్క పుస్తకానికి. ఆ లెక్క వ్రాసినవాళ్ళు మంత్రగాళ్ళు కారు. చర్చికి వెళ్ళే పెద్దమనుషులు. పక్కనే ఉన్న సినమన్ హిల్ మేడ బారెట్ కుటుంబానిది. మనం కాలేజీలో చదువుకున్న ఆంగ్ల కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ఆ వంశపు పిల్లే. తండ్రి ఐశ్వర్యం జమైకా చెరకు నుంచి వచ్చినదే. ఆమె మాత్రం పెద్దయ్యాక బానిసత్వాన్ని నిరసిస్తూ కవిత వ్రాసింది. అదే మేడను తరువాతి కాలంలో అమెరికను గాయకుడు జానీ క్యాష్ కొనుక్కున్నాడు.

అసలు చూడవలసిన చోటు ఊరి నడిబొడ్డున ఉంది. అక్కడికి టిక్కెట్టు లేదు. దాని పేరు శామ్ షార్ప్ స్క్వేర్. శామ్యూల్ షార్ప్ బానిస. చదువు వచ్చినవాడు. బాప్టిస్టు చర్చిలో డీకను. బానిసత్వం రద్దు చేయాలని లండనులో జరుగుతున్న వాదాలను పత్రికల్లో చదివి, ప్రార్థన సమావేశాలలో తోటివారికి చెప్పేవాడు. 1831 క్రిస్మస్ సెలవులు అయ్యాక ఎవరూ పనికి వెళ్ళరాదనీ, కూలి ఇస్తేనే చెరకు నరకాలనీ రహస్యంగా ప్రమాణాలు చేయించాడు. అప్పుడు చెరకు కోతకు వచ్చి ఉంది. ఆగితే పాడవుతుంది. యజమానిని ఎక్కడ పట్టుకోవాలో చెరకు పండించినవానికే తెలుస్తుంది. సహాయ నిరాకరణం అన్న మాట మన దేశంలో ఇంటింటా వినిపించడానికి దాదాపు తొంభై ఏళ్ళ ముందు జరిగిన సంగతి ఇది.

కాని అది అక్కడితో ఆగలేదు. డిసెంబరు 27 రాత్రి కెన్సింగ్టన్ ఎస్టేటు తగలబడింది. గుట్ట మీది ఆ మంట చూసి ఒకదాని వెంట ఒకటిగా తోటలు అంటుకున్నాయి. తుపాకులు పట్టిన బానిసల దళం ఒకటి పోరాటానికి దిగింది. అరవై వేల మంది వరకూ పాల్గొన్నారని అంచనా. తెల్లవారిలో చనిపోయినవారు 14 మంది. బానిసలు 200 మందికి పైగా పోరాటంలో చనిపోతే, విచారణ పేరు మీద 300 మందికి పైగా ఉరితీశారు, కాల్చారు. అణచివేతలో పాత సంధి షరతు ప్రకారం మరూన్లు కూడా ప్రభుత్వం వైపు నిలిచారు. 1832 మే 23న షార్ప్‌ను ఈ ఊరి సంతవీధిలోనే ఉరితీశారు. బానిసగా బ్రతకడంకన్నా ఆ ఉరికొయ్యే మేలని అతను చెప్పినట్లు జైలులో కలిసిన ఒక మిషనరీ వ్రాసిపెట్టాడు.

ఆ స్క్వేర్ పక్కనే 'కేజ్' అనే చిన్న రాతి కట్టడం ఉంది. 1806 నాటిది. అనుమతి లేకుండా ఊళ్ళో తిరిగే బానిసలను పట్టి అందులో వేసేవారు. గంట కొడితే పల్లె నుంచి సంతకు వచ్చినవారు ఊరు వదలాలి. ఎదురుగా షార్ప్ కంచు విగ్రహం, వింటున్నవారి విగ్రహాలు. శిల్పి కే సలివన్. ఏర్పాటు చేసింది 1983లో. జమైకా ప్రభుత్వం 1975లో షార్ప్‌ను జాతీయ వీరునిగా ప్రకటించింది. కరెన్సీ నోటు మీద అతని బొమ్మ వేసింది. ఆ తిరుగుబాటు జరిగి రెండేళ్ళు నిండకముందే, 1833లో, బ్రిటిషు పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది. 1834 ఆగస్టు 1న అది అమలైంది. మధ్యలో 'అప్రెంటిస్' పేరుతో నాలుగేళ్ళు పాత పనే చేయించి 1838 ఆగస్టు 1న పూర్తిగా వదిలారు. నష్టపరిహారం రెండు కోట్ల పౌన్లు యజమానులకు ఇచ్చారు. విడుదలైనవారికి ఒక్క పెన్నీ ఇవ్వలేదు. ఆ పరిహారం కోసం చేసిన అప్పు తాలూకు బాకీ బ్రిటనులో పన్నులు కట్టేవారు 2015 వరకూ తీరుస్తూ వచ్చారు.

ఇక్కడే మన దేశం ఈ కథలోకి వస్తుంది. విడుదలైనవారు తక్కువ కూలికి అదే తోటలో పని చేయడానికి ఇష్టపడలేదు. యజమానుల చూపు హిందూ దేశం మీద పడింది. 1838లోనే బ్రిటిషు గయానాకు మన కూలీల మొదటి ఓడలు వెళ్ళాయి. జమైకాకు మొదటి ఓడ బ్లండెల్ హంటర్, 1845 మే 10న ఓల్డ్ హార్బర్ బే చేరింది. 1917 వరకూ దాదాపు 36,000 మంది అలా వచ్చారు. ఐదేళ్ళ ఒప్పందం. ఎస్టేటు దాటి పోవాలంటే చీటీ కావాలి. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి ఎక్కిన బీహారు, అవధ్ ప్రాంతాలవారు. మొదటి సంవత్సరాలలో కొందరు మద్రాసు నుంచి కూడా వచ్చారు. మన తెలుగువారు పెద్ద సంఖ్యలో వెళ్ళింది మారిషస్‌కూ, నాటాల్‌కూ, మలయాకూ, బర్మాకూ. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీదనే మారిషస్‌లో, బర్మాలో మనవాళ్ళను కోరంగీలు అనేవారు. నాటాల్‌కు మొదటి ఓడ ట్రూరో 1860లో బయలుదేరింది మద్రాసు నుంచే. దేశం వేరైనా ఒప్పందం ఒకటే, చెరకూ ఒకటే.

ఈ మాట కొంచెం ఆగి ఆలోచించవలసినది. మనం వీసా తీసుకుని, డిగ్రీ కాగితాలు చేతపట్టుకుని విమానంలో వచ్చినవాళ్ళం. మన వలస చరిత్ర మనతోనే మొదలైందని అనుకోవడం మనకు అలవాటు. నూరేళ్ళ ముందు వేలిముద్ర వేసి ఓడ ఎక్కినవారు కూడా ఈ అర్ధగోళానికి మనకంటే ముందు వచ్చిన మనవాళ్ళే. 'కూలీ' అన్నది మనకు పనిచేసేవాని పేరు మాత్రమే. అక్కడ అది చాలాకాలం భారతీయుడికి తిట్టు. వారిలో ఎక్కువమంది తిరిగి వెళ్ళలేదు. భాష పోయింది, చాలావరకు మతం కూడా మారింది. మిగిలినవి చూడండి. మేక మాంసం కూర జమైకాలో ఏ విందులోనైనా ఉంటుంది, దాని పేరు ఇప్పటికీ కర్రీయే. గంజాయిని అక్కడ 'గాంజా' అంటారు, ఆ మాట మన దేశపుదే. మొహరం పండుగ 'హోసే' పేరుతో తాజియాలతో జరుగుతూ వచ్చింది. మన పల్లెల్లో పీర్ల పండుగలో హిందువులు కలిసినట్లే అక్కడ అన్ని మతాలవారూ కలిసేవారు. 1995 నుంచి మే 10ని భారతీయ వారసత్వ దినంగా జరుపుకుంటున్నారు.

తిండి మాట వచ్చింది కనుక ఇంకో రెండు ముక్కలు. అక్కడి మామిడి చెట్టుకు కూడా కథ ఉంది. 1782లో ఫ్రెంచి ఓడ ఒకటి మొక్కలు తీసుకుపోతుంటే ఇంగ్లీషు నౌకాదళం పట్టుకుని జమైకాకు చేర్చింది. అందులో మామిడి మొక్కలు ఉన్నాయి. సీమపనస 1793లో కెప్టెన్ బ్లై తెచ్చాడు, బౌంటీ ఓడ తిరుగుబాటుతో పేరుపడినవాడే. తెచ్చింది రుచి కోసం కాదు, బానిసలకు చవకగా కడుపు నింపడానికి. శాకాహారులు భయపడనక్కర లేదు. 'కలలూ' అని వండేది మన తోటకూర జాతి ఆకే. రాస్తఫారీలు 'ఐటల్' అని మాంసం లేని వంట చేస్తారు. అడిగితే దొరుకుతుంది.

సముద్ర స్నానాల సంగతికి వద్దాం. డాక్టర్స్ కేవ్ అనే బీచి ఒక డాక్టరు ఇచ్చినది. 1906లో డాక్టర్ అలెగ్జాండర్ మెకాటీ తన స్థలాన్ని స్నానాల క్లబ్బుకు ఇచ్చాడు. అప్పుడు ఒక గుహలోంచి బీచికి దిగేవారు. 1920లలో సర్ హెర్బర్ట్ బార్కర్ అనే ప్రసిద్ధ ఆంగ్ల వైద్యుడు ఆ నీటిలో రోగం కుదిర్చే గుణం ఉందని వ్రాయడంతో ధనికులు రావడం మొదలైంది. 1932 తుఫానులో గుహ కూలిపోయింది, పేరు మిగిలింది. అంతకుముందే అమెరికాకు అరటిపళ్ళు మోసే ఓడలు యాత్రికులను కూడా తెస్తూ ఉండేవి. 1947లో విమానాశ్రయం వచ్చింది. 1953లో రౌండ్ హిల్, తరువాతి ఏడాది హాఫ్ మూన్ వంటి విలాస గృహాలు వచ్చాయి. 1981లో జమైకా వ్యాపారి గోర్డన్ స్టూవర్ట్ ఇక్కడే మొదటి శాండల్స్ తెరిచాడు. గది, తిండి, తాగుడు, ఆటలు, అన్నిటికీ ముందే ఒకే డబ్బు కట్టే పద్ధతి దానితో బాగా వ్యాపించింది.

ఈ పద్ధతిలో సౌకర్యం ఉంది, ఒక గోడ కూడా ఉంది. అన్నీ లోపలే దొరికితే బయటికి ఎందుకు వెళతాం? ఊళ్ళో చిన్న కొట్టువానికి, టాక్సీవానికి మన డబ్బు చేరదు. మరో ముఖ్యమైన సంగతి. 1956 నాటి తీర నియంత్రణ చట్టం ప్రకారం తీరపు అంచు నేల ప్రభుత్వపు హక్కు. ప్రజలకు అక్కడ స్నానం చేసే సాధారణ హక్కును ఆ చట్టం ఇవ్వలేదు. అనుమతి పొందిన హోటలుకు తన ముందు తీరం తనదే. మన విశాఖ తీరంలో బఠాణీలు కొనుక్కుని ఎవరైనా కూర్చోవచ్చు. దీవిలో పుట్టినవాడు మాత్రం తన సముద్రానికి టిక్కెట్టు కొనాలి, లేదా దూరంగా ఉన్న ముక్కను వెతుక్కోవాలి. దీని మీద ఇటీవలి సంవత్సరాలలో జమైకా కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి.

నేల తగాదాలు రక్తపాతం దాకా పోయిన సందర్భమూ ఉంది. స్వాతంత్ర్యం 1962 ఆగస్టు 6న వచ్చింది. ఎనిమిది నెలలకే, 1963 ఏప్రిల్‌లో, రోజ్ హాల్ పరిసరాల్లోని కోరల్ గార్డెన్స్ దగ్గర రాస్తఫారీలకూ పోలీసులకూ ఘర్షణ జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఎస్టేటు నేల మీదుగా తమ సాగు భూములకు నడిచి వెళ్ళే దారి గురించిన తగాదా దాని వెనక ఉంది. తరువాత పశ్చిమ జమైకా అంతటా రాస్తఫారీలను పట్టుకుని కొట్టారు, జుట్టు కత్తిరించారు. 2017లో ప్రధాని ఆండ్రూ హోల్‌నెస్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. జుట్టు జడలు కట్టిన ఆ గాయకుల బొమ్మలే ఇప్పుడు యాత్రికుల చొక్కాల మీద ఉంటాయి. రెగే సంగీతోత్సవం 1978లో మొదలైంది కూడా ఈ ఊళ్ళోనే.

2025 అక్టోబరు 28న మెలిస్సా తుఫాను ఐదవ శ్రేణి బలంతో పశ్చిమ జమైకాను కొట్టింది. మాంటీగో బే వీధులు నీటిపాలయ్యాయి, చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళ పైకప్పులు ఎగిరిపోయాయి. 1977 దివిసీమ ఉప్పెనను ఎరిగినవారికి ఇది వర్ణించి చెప్పనక్కర లేదు. తుఫాను తరువాత బాగుచేసిన హోటలు ఫోటోలు ముందు వస్తాయి, బాగుపడని ఇళ్ళ ఫోటోలు రావు. వెళ్ళడం తగ్గించమని ఇలా వ్రాయడం లేదు. యాత్రికులు రాకపోతే ఆ ఊరికి పూట గడవడం కష్టం. వెళ్ళినప్పుడు గోడ బయట కూడా కొంత ఖర్చు చేయండి అని మాత్రమే.

నా సలహా ఇది. నాలుగు రోజుల్లో ఒక పూట ఊరికి కేటాయించండి. ముందు స్క్వేర్‌కు వెళ్ళి పిల్లలకు షార్ప్ కథ చెప్పండి, కేజ్ చూపించండి. రోజ్ హాల్ ఆ తరువాత చూడండి. ఆ వరుసలో చూస్తే మేడ కిటికీలోంచి కనిపించే పచ్చని గోల్ఫు మైదానంలో చెరకు తోట కనిపిస్తుంది, దానిని నరికినవారూ కనిపిస్తారు. ఊళ్ళో మన పోలికలు ఉన్న ముఖం ఎదురైతే ఒక్క నిమిషం నిలబడి పలకరించండి. వారి ముత్తాత ఏ ఊరివాడో వారికి తెలియకపోవచ్చు. ఆ ప్రశ్న అడిగినవారు ఒకరు ఉన్నారని వారికి తెలుస్తుంది. మన మునిమనుమలను రేపు ఈ దేశంలో ఎవరైనా ఆ ప్రశ్నే అడిగితే చెప్పడానికి జవాబు ఉండాలంటే, వ్రాసిపెట్టవలసిన వాళ్ళం ఇప్పుడు మనమే.